నాలుగడుగుల బల్ల, నలభై మంది మాట

తిరుపతిలో కొన్ని ఆఫీసులకు సాయంత్రం ఆరున్నరకు తెల్లారుతుంది. వేసవిలో అప్పుడు న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది. అక్కడి ఆసుపత్రుల లెక్కలు చూసే మెడికల్ బిల్లింగ్ ఆఫీసుల ముందు క్యాబ్‌లు ఆగుతాయి, లిఫ్టు నిండి పైకి పోతుంది, నలభై మంది ఒకే హాల్లో వరసలుగా కూర్చుంటారు. మనిషికి నాలుగడుగుల బల్ల, ఒకటో రెండో మానిటర్లు, పక్క సీటుకూ తన సీటుకూ మధ్య జానెడెత్తు అద్దం. చూడ్డానికి బాగుంటుంది. ఫొటోలో ఇంకా బాగుంటుంది.

ఆ హాల్లో రోగుల జబ్బులకు బిల్లు కోసం కోడ్‌లు వేసే ఒక కోడర్ ముందున్న పనిని దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది. తెర మీద ముప్పై ఎనిమిది పేజీల చార్టు, అంటే రోగి వైద్య రికార్డు. రోగికి టైప్ 2 షుగర్. ఉట్టి షుగరే అయితే కోడ్ ఇ11.9. దానివల్ల కిడ్నీ దెబ్బతింటే ఇ11.22, దాని వెంటే కిడ్నీ జబ్బు ఏ దశలో ఉందో చెప్పే ఇంకో కోడ్ రావాలి: 3ఏ దశ అయితే ఎన్18.31, 3బీ అయితే ఎన్18.32. ల్యాబ్ రిపోర్టులో అంకె చూసి కోడర్ తనంతట తాను దశ తేల్చకూడదు, డాక్టరు రాసి ఉండాలి. అంటే ఏడో పేజీలో కనిపించిన మాట, పందొమ్మిదో పేజీలో ఉన్న మందు, ముప్పై ఒకటో పేజీలో డాక్టరు తేల్చి రాసిన వాక్యం, ఈ మూడూ ఒకేసారి తలలో నిలవాలి. సరిగ్గా అప్పుడే వెనక సీట్లోని ఏఆర్ కాలర్, అంటే రావాల్సిన బిల్లు డబ్బుల కోసం ఫోన్లు చేసే ఉద్యోగి, అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీతో మాట్లాడుతూ క్లెయిమ్ నంబరును ఒక్కో అంకె విడదీసి గట్టిగా చదువుతాడు. "వన్... ఎయిట్... త్రీ... టూ..." కోడర్ తలలో ఉన్న అంకెల మధ్యలోకి ఆ అంకెలు వచ్చి కూర్చుంటాయి. మళ్లీ ఏడో పేజీ దగ్గర మొదలు. చూసుకోకుండా పంపేస్తే ఆ తప్పు ఆడిట్‌లో బయటపడుతుంది. తగ్గేది కోడర్ క్వాలిటీ స్కోరే. హాలుకు స్కోరు ఉండదు.

కాలర్ చేసిందీ తప్పేమీ కాదు. అంకెలు విడదీసి గట్టిగా చదవడమే అతని ఉద్యోగం.

ఇలా గదులు లేకుండా అందరూ ఒకే హాల్లో కూర్చునే ఓపెన్ ఆఫీసు మీద వచ్చే ఫిర్యాదులన్నీ 'గోల' అనే ఒక్క మాటలో కలిసిపోతుంటాయి. గోల ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజున కూడా పుస్తకం ముందు కూర్చుని చదువుకున్న పిల్లలు ఈ ఊళ్లో ఇంటికొకరు ఉంటారు. చిక్కంతా వేరే చోట ఉంది. నోటితో చేసే పనినీ కంటితో చేసే పనినీ ఒకే కప్పు కింద, ఒకే వేళలో, ఒకే రకం కుర్చీలో కూర్చోబెట్టడం దగ్గర ఉంది.

ఒకే హాల్లో అందరూ కూర్చోవడం మనకు కొత్తగా వచ్చిన పద్ధతేమీ కాదు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేనాటికే కచేరీల్లో గుమాస్తాలు హాళ్లలో కూర్చుని రాసుకునేవాళ్లు. అయితే ఆ హాళ్లలో గోడలు లేవనుకుంటే పొరపాటు. బీరువాలే గోడలు. నిలువెత్తు బీరువాలు, వాటి మీద గుడ్డలో కట్టిన దస్త్రాల మూటలు, బల్ల మీద మెడదాకా ఫైళ్లు. కాగితం, గుడ్డ రెండూ శబ్దాన్ని మింగే వస్తువులే. పైన పెంకులో మద్రాసు టెర్రసో ఎత్తుగా ఉండేది. ఇప్పుడు ఫైళ్లు కంప్యూటర్లోకి వెళ్లాయి, బీరువాలు స్టోర్ రూములోకి వెళ్లాయి. కాగితంతోపాటు గోడ కూడా పోయిందని ఎవరూ గమనించలేదు.

పడమట దేశాల్లో దీనికో సిద్ధాంతం కూడా పుట్టింది. 1906లో అమెరికాలోని బఫెలో నగరంలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన లార్కిన్ భవనంలో గుమాస్తాలు వరసలుగా నడిమి హాల్లో కూర్చునేవారు. 1950ల చివర జర్మనీలో ష్నెల్లే సోదరులు గోడలు తీసేసి, మొక్కల కుండీలు పెట్టి, బల్లలను వంకరటింకరగా వేసి, ఇలాగైతే మనుషులు కలిసి మాట్లాడుకుంటారన్నారు. 1968లో రాబర్ట్ ప్రాప్స్ట్ రూపొందించిన కదిలే అడ్డుతెరలను కంపెనీలు చదరపు పెట్టెలుగా మార్చుకుని క్యూబికల్ అని పేరు పెట్టుకున్నాయి. తర్వాత ఆ తెరలూ పోయాయి. గోడలు తీసేటప్పుడు ఎక్కువగా చెప్పిన కారణం ఒక్కటే: అడ్డు తీస్తే మాట పెరుగుతుంది.

పెరిగిందా? హార్వర్డ్‌కు చెందిన ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ 2018లో ప్రచురించిన అధ్యయనం దీన్ని అంచనాలతో కాకుండా కొలిచి చూసింది. ఒక పెద్ద కంపెనీలో గోడలు తీసేయక ముందు, తీసేశాక, 52 మంది మెడలో ఎవరు ఎవరితో ఎంతసేపు ఎదురెదురుగా మాట్లాడారో నమోదు చేసే బ్యాడ్జీలు వేశారు. ముందు రోజుకు మనిషికి 5.8 గంటలున్న ముఖాముఖి మాట, గోడలు పోయాక 1.7 గంటలకు పడిపోయింది. ఒకరికొకరు పంపుకున్న ఈమెయిళ్లు 56 శాతం, చాట్ మెసేజీలు 67 శాతం పెరిగాయి. మూడడుగుల దూరంలో ఉన్న మనిషికి "టీకి పోదామా" అని చాట్‌లో అడగడం చూసినవాళ్లెవరికీ ఈ అంకెలు వింతగా అనిపించవు. నలుగురూ వింటారని తెలిసినప్పుడు మనిషి నోరు మూసుకుని వేళ్లు కదుపుతాడు.

ఇక చెవి సంగతి. చెవికి రెప్ప లేదు. చూడకూడదనుకుంటే కన్ను మూసుకోవచ్చు, వినకూడదనుకుంటే మూసుకునేదేమీ లేదు. అందులోనూ అన్ని శబ్దాలూ ఒక రకం కాదు. ఏసీ రొద, ఫ్యాను చప్పుడు కాసేపటికి వెనక్కి వెళ్లిపోతాయి. మాట వెళ్లదు. 1976లో కాలే, వెల్ష్ అనే ఇద్దరు పరిశోధకులు, వరసగా చూపించినవాటిని గుర్తుపెట్టుకోమని ఇంగ్లీషువాళ్లకు చెప్పి, వెనక వాళ్లకు రాని జర్మన్‌లో ఒకరు చదువుతుండగా వినిపించారు. అర్థం కాకపోయినా గుర్తుపెట్టుకోవడం దెబ్బతింది. చదివి అర్థం చేసుకునే పని అయితే, తెలిసిన భాషలో మాట ఇంకా ఎక్కువ చెడగొడుతుంది. చిత్తూరు వైపు ఆఫీసుల్లో ఇది రెండింతలు. ఒక పక్క తెలుగు, ఒక పక్క తమిళం, ఫోన్లో అమెరికా ఇంగ్లీషు, మూడూ వచ్చిన చెవికి ఏ వైపు నుంచీ విశ్రాంతి లేదు.

మాటల్లో కూడా అన్నిటికన్నా పాపిష్టిది సగం మాట. పక్క సీట్లో ఫోను మోగుతుంది: "ఆఁ, చెప్పు... అట్లనా?... ఎప్పుడు?... అయ్యో... సరేలే, ఆయన్ని అడిగి చెప్తాలే." అవతలివాళ్లు ఏమన్నారో తెలియదు. తెలియనిదాన్ని పూరించే పని మెదడు ఎవరూ చెప్పకుండానే నెత్తికెత్తుకుంటుంది. ఏమైంది? ఎవరికి? అయ్యో ఎందుకన్నది? 2010లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో లారెన్ ఎంబర్సన్ బృందం చూపించింది ఇదే: ఇద్దరి సంభాషణ మొత్తం వినిపించినప్పటికన్నా ఫోన్లో ఒక్కరి సగం వినిపించినప్పుడు ఏకాగ్రత ఎక్కువ చెదిరింది. ఏఆర్ కాలర్లున్న హాలంటే ఇరవై సగాల సంభాషణలు ఒకేసారి నడుస్తున్న చోటు.

ఆ ఇరవై సగాలూ మెల్లగా ఉండవు. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీన్ని వివరిస్తూ ఎత్యెన్ లొంబార్ అనే ఫ్రెంచి చెవి డాక్టరు వ్యాసం ప్రచురించింది కూడా చిత్తూరు జిల్లా పుట్టిన ఆ 1911లోనే కావడం ఉత్త కాకతాళీయం. ఒకరు గొంతు పెంచితే పక్కవారూ పెంచుతారు, వాళ్లను చూసి మొదటివారు ఇంకొంచెం పెంచుతారు. పెళ్లిలో భోజనాల హాలు పది నిమిషాల్లో ఎలా హోరెత్తుతుందో తెలిసినవారికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

భోజనాల హాలు పోలిక ఊరికే తేలేదు. మన ఊళ్లలో ఆఫీసులుగా మారుతున్న కట్టడాలు నిజంగానే కళ్యాణ మండపాల అన్నదమ్ములు. కింద విట్రిఫైడ్ టైల్స్, ముందు నిలువెత్తు అద్దం, పక్కన సిమెంటు గోడ మీద నున్నటి పుట్టీ, పైన పీఓపీ ఫాల్స్ సీలింగ్. తుడవడానికి సుళువు, మెరుస్తుంది. కాకపోతే ఈ నాలుగూ శబ్దాన్ని తిప్పికొట్టేవే. 65 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న హాలు తీసుకుని, హాల్లో శబ్దం ఎంతసేపటికి అణుగుతుందో చెప్పే వాలెస్ సాబీన్ సూత్రంతో ఉజ్జాయింపుగా లెక్క వేయవచ్చు. హాలు ఘనపరిమాణం దాదాపు 736 ఘనపు మీటర్లు. మనుషుల్నీ కుర్చీల్నీ కలుపుకున్నా, ఒక చప్పుడు పూర్తిగా అణగడానికి రెండు సెకన్లకు పైనే పడుతుంది. అదే హాల్లో పీఓపీ బదులు శబ్దాన్ని పీల్చుకునే మినరల్ ఫైబర్ పలకలు పైన బిగిస్తే, మిగతాదేదీ ముట్టుకోకుండానే, అది అర సెకను చుట్టుపక్కలకు దిగుతుంది. మార్చింది పైకప్పు ఒక్కటే. డిజైన్ చేసేవారు ఎక్కువసేపు ఆలోచించేది మాత్రం రిసెప్షన్ గోడ రంగు గురించి.

పైకప్పు మార్చినంత మాత్రాన అంతా తీరదు, అదో మెలిక. హాలు మరీ నిశ్శబ్దమైతే ఒక్కరు మాట్లాడినా చివరి వరస దాకా ప్రతి అక్షరం వినిపిస్తుంది. ఓపెన్ ఆఫీసుల శబ్దాన్ని కొలవడానికి 2012లో వచ్చిన ఐఎస్ఓ 3382-3 అనే అంతర్జాతీయ ప్రమాణం అందుకే డెసిబెల్‌ల మీదే ఆగలేదు. మాట్లాడే మనిషి నుంచి ఎంత దూరం వెళ్తే ఆ మాట చెదరగొట్టడం ఆగుతుందో కొలిచింది. ఆ దూరం 5 మీటర్ల లోపు ఉంటే ఆఫీసు బాగున్నట్టు, 10 మీటర్లు దాటితే బాగాలేనట్టు. మన నాలుగడుగుల బల్లల్లో చెబితే, మంచి ఆఫీసులో కూడా నాలుగు బల్లల దాకా మాట పని చెడగొట్టవచ్చు. చెడ్డ ఆఫీసులో ఎనిమిది బల్లలు దాటి కూడా. నలభై అడుగుల వెడల్పు హాల్లో ఎనిమిది బల్లలంటే ఇక మిగిలిందేముంది?

దీనికి ఆఫీసులు చెప్పే మందు హెడ్‌ఫోన్స్. నాయిస్ క్యాన్సిలింగ్ అయితే మరీ మంచిదంటారు. అది ఏసీ రొద, జనరేటర్ చప్పుడు లాంటి ఒకే తీరు మంద్ర శబ్దాల మీద బాగా పనిచేస్తుంది, మనిషి గొంతు మీద అంతగా చేయదు. పైగా చెవులు మూసుకున్న మనిషిని పిలవాలంటే భుజం తట్టాలి, ఉలిక్కిపడతారు, ఒకరికొకరు సారీ చెప్పుకుంటారు. గోడ తీసేసిన కంపెనీ చివరికి మనిషికొక గోడ చొప్పున చెవులకు కట్టుకోమంటోంది, అదీ సొంత జీతంలోంచి కొనుక్కుని.

నష్టం లెక్కలో కనిపించకపోవడమే అన్నిటికన్నా పెద్ద నష్టం. 2000లో ఎవాన్స్, జాన్సన్ 40 మంది గుమాస్తా పని చేసే మహిళలను తీసుకుని, కొందరిని మూడు గంటలపాటు ఓపెన్ ఆఫీసు స్థాయి చప్పుడులో, కొందరిని నిశ్శబ్దంలో పనిచేయించారు. టైపింగులో తేడా రాలేదు. ఒత్తిడిగా ఉందని చప్పుడులో ఉన్నవారు చెప్పనూ లేదు. కానీ వాళ్ల శరీరంలో అడ్రినలిన్ పెరిగింది, తర్వాత ఇచ్చిన చిక్కు పజిళ్లను త్వరగా వదిలేశారు. షిఫ్ట్ చివర డ్యాష్‌బోర్డు మీద 'ఈరోజు ఎన్ని చార్టులు' అని మాత్రమే చూసే టీం లీడ్‌కు ఇందులో ఏదీ కనపడదు. అరవై చార్టులు అయ్యాయి, టార్గెట్ పూర్తయింది. కష్టమైన చార్టును ఇంకోసారి తిప్పి చూసే ఓపిక ఎన్నింటికి పోయిందో అక్కడ రాయరు.

ఓపెన్ హాల్లో చెవికన్నా ముందు పోయేది గుట్టు. హైదరాబాదులో పక్క సీటు మనిషి ఎవరో, తన ఇల్లు ఎక్కడో తెలియకపోవచ్చు. తిరుపతిలో తెలుస్తుంది. పక్క సీటు అమ్మాయి మేనత్త కొర్లగుంటలో మన వెనక వీధిలోనే ఉంటుంది. లోను వాయిదా గురించి బ్యాంకు నుంచి వచ్చిన ఫోను, ఆసుపత్రి రిపోర్టు, కుదరబోయి ఆగిన సంబంధం, ఏది హాల్లో మాట్లాడినా భోజనాల వేళకు పది మందికి, రాత్రికి ఇంటికి చేరుతుంది. మోసేవాళ్లకు దురుద్దేశం ఉండక్కర్లేదు, విన్నారు కాబట్టి అడుగుతారు, అంతే. "ఏమ్మా, నాన్నకు ఇప్పుడెట్లా ఉంది?" అన్న పలకరింపులో ఎంత ప్రేమ ఉన్నా, ఆ సంగతి తాను చెప్పలేదే అన్న ఉలికిపాటు ఉంటుంది. అందుకే ఏ ఆఫీసు ఎలా ఉందో తెలియాలంటే చూడాల్సింది హాలు కాదు, మెట్లు. మలుపు మలుపుకూ ఒకరు గోడ వైపు తిరిగి ఫోన్లో గుసగుసలాడుతుంటే, ఆ కట్టడంలో ఉండాల్సిన ఒక చిన్న గది లేదని అర్థం.

ప్రైవేటు కంపెనీల్లో గుట్టు పోయేది ఉద్యోగిది. ప్రభుత్వం వైపు చూస్తే పౌరులది పోతుంది. 2019 అక్టోబరు 2న రాష్ట్రంలో గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి, అప్పటి లెక్క 15,004. చాలాచోట్ల పంచాయతీ కార్యదర్శి, డిజిటల్ అసిస్టెంట్, వెల్ఫేర్ అసిస్టెంట్, సర్వేయరు, మహిళా పోలీసు అంతా ఒకే హాల్లో బల్లలు వేసుకుని కూర్చుంటారు. కుల ధ్రువీకరణ కావాలన్నా, పింఛను ఆగిపోయిందని చెప్పాలన్నా ఇది సుళువే, గది గదికీ తిరిగే బాధ తప్పింది. కానీ మొగుడు కొడుతున్నాడని చెప్పుకోవడానికి వచ్చిన మనిషి మహిళా పోలీసు బల్ల ముందు నిలబడి, పక్క బల్ల దగ్గర రేషన్ కార్డు కోసం నిలబడ్డ తన వీధివాళ్లను చూసి, "ఊరికే వచ్చినానమ్మా" అని వెనక్కి తిరిగితే ఆ ఫిర్యాదు ఏ రిజిస్టరుకూ ఎక్కదు. అన్ని పనులూ ఒకచోట జరగాలన్న మంచి ఆలోచన, అన్ని మాటలూ ఒకచోట వినపడాలన్న దగ్గరికి జారిపోకూడదు. ఒక మూల తలుపున్న చిన్న గది చాలు.

జబ్బుల సంగతి పెద్దగా వాదించక్కర్లేదు. డెన్మార్క్‌లో 2011లో వెలువడిన ఒక సర్వేలో, ఒంటరి గదిలో పనిచేసేవారికన్నా ఆరుగురికి మించి కూర్చునే హాళ్లలోని వారు 62 శాతం ఎక్కువ రోజులు జబ్బు సెలవు పెట్టారు. 2020 మార్చిలో సియోల్‌లోని ఒక కాల్ సెంటర్‌లో, ఒకే అంతస్తులో పనిచేసే 216 మందిలో 94 మందికి కరోనా సోకింది. మూసిన అద్దాలు, తిరిగే ఏసీ గాలి, పక్కపక్కనే కూర్చుని ఆపకుండా మాట్లాడటం అన్నీ అక్కడున్నాయి. ఏసీ రిమోటు గొడవ సరేసరి. గాలి నేరుగా తగిలేవాళ్లు శాలువా కప్పుకుంటారు, మూలన ఉన్నవాళ్లు మే నెల ఎండకు చెమటలు కారుస్తారు, ఎవరు 24 పెట్టినా ఇంకెవరో మారుస్తారు.

ఇన్ని చిక్కులున్నా ఈ పద్ధతి ఎందుకు పోదంటే, అద్దె. పైన చెప్పిన 2,600 చదరపు అడుగుల హాల్లో నలభై సీట్లు వేస్తే మనిషికి 65 చదరపు అడుగులు. గదులు కట్టి నడవలు వదిలితే అందులో సగం మందికి కూడా చోటు కష్టమే. కొత్త ప్రాజెక్టు వచ్చిందని అదే హాల్లో అరవై మందిని కూర్చోబెడితే మనిషికి మిగిలేది 12 ఘనపు మీటర్ల గాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం 16వ సెక్షన్‌లో, ఆ చట్టం వచ్చాక కట్టిన ఫ్యాక్టరీల్లో కార్మికుడికి కనీసం 14.2 ఘనపు మీటర్లు ఉండాలని రాశారు. అది ఫ్యాక్టరీలకు చెప్పిన లెక్క, ఆఫీసులకు కాదు. అయినా బ్యాటరీలు చేసే షెడ్డుకు రాసిపెట్టినంత చోటు కూడా, అద్దాల మేడలో లాప్‌టాప్ ముందు కూర్చున్నవారికి లేకపోవడం ఆలోచించదగ్గదే. 'కలిసి పనిచేసే సంస్కృతి' అన్న మాట తర్వాత అతికించింది. అద్దె తగ్గుతుందని నేరుగా చెబితే తప్పేమీ లేదు, అప్పుడైనా మిగిలిన డబ్బులో కొంత పైకప్పు మీద పెట్టమని అడగడానికి వీలుంటుంది.

ఓపెన్ హాలుకు మంచి లేకపోలేదు. కొత్తగా చేరినవాళ్లు సీనియర్ కాలర్ అవతలివాణ్ణి ఎలా దారికి తెచ్చుకుంటున్నాడో విని నేర్చుకుంటారు. ఏ ట్రైనింగ్ పుస్తకంలోనూ అది దొరకదు. సందేహం వస్తే తల తిప్పితే చాలు. కానీ జంగ్‌సూ కిమ్, రిచర్డ్ డి డియర్ 2013లో 303 కట్టడాల్లోని 42 వేల మందికి పైగా ఇచ్చిన జవాబులను పోల్చి చూస్తే, సులువుగా కలిసి మాట్లాడుకోవచ్చన్న లాభం చప్పుడు, గుట్టు పోవడం వల్ల వచ్చిన అసంతృప్తిని పూడ్చలేకపోయింది. నేర్చుకునే మొదటి మూడు నెలలకు పనికొచ్చే ఏర్పాటును ఉద్యోగం మొత్తానికి చట్టం చేశారన్నమాట.

మెడికల్ బిల్లింగ్ ఆఫీసులకైతే పైసా ఖర్చు లేని దారి ఒకటి ఉంది. కాలర్లు అమెరికా వేళకు కూర్చోక తప్పదు, అక్కడ ఫోను ఎత్తే మనిషి ఉండాలి కాబట్టి. చార్టుకు ఆ అవసరం లేదు. నిన్నటి చార్టు ఈరోజు పొద్దున చదివినా అదే చార్టు. కోడర్లను ఉదయం ఏడింటికి పిలిచి మధ్యాహ్నం నాలుగింటికి పంపేస్తే, కాలర్లు ఆరున్నరకు అదే కుర్చీల్లో కూర్చుంటారు. హాలు సగం మందితో రెండు పూటలా నడుస్తుంది, రాత్రి క్యాబ్‌లూ తగ్గుతాయి, ఆడపిల్లల ఇళ్లలో నైట్ షిఫ్ట్ గొడవా సగానికి తగ్గుతుంది. ఇప్పటికే ఇలా చేస్తున్న చోట్లూ ఉన్నాయి. చేయనిచోట్ల మేనేజర్లు చెప్పే అభ్యంతరం, టీం అంతా ఒకేసారి కళ్లెదుట కనబడాలని. ఇంకో అభ్యంతరం ఉద్యోగుల వైపు నుంచే వస్తుంది, అది కొట్టిపారేయదగ్గది కాదు: ఒకే బల్లకు పగలొకరు, రాత్రొకరు అయినప్పుడు కింది డ్రాయరు తాళం ఎవరి దగ్గర ఉండాలి?